ఎలకకి తూచి పెట్టిన తిండి

"అత్తా, ఎలకల్ని అర్ధాకలితో ఉంచి చేసిన పరీక్షని ఎలా నమ్మాలి?" అని అడిగింది మా అన్నయ్య కూతురు అమ్మలు. భీమవరంలో బీ ఫార్మసీ మూడో ఏడు చదువుతోంది. కొన్ని ల్యాబుల్లో ఎలకలకి తిండి తూచి పెడతారని క్లాసులో సార్ ఒక్క ముక్క చెప్పి వదిలేశారట. దాని మనసు అక్కడే ఆగిపోయింది. ఫోన్లో గంటసేపు మాట్లాడినా ఇద్దరికీ తృప్తి కలగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, దానితో పాటు ఇంకో నలుగురు చదువుకుంటారని.

నేను వెటర్నరీ చదివి, పైన పాథాలజీ చేసి, హైదరాబాద్ శివార్లలో ఒక ల్యాబులో చాలాకాలం ఎలకల స్లైడ్లు చూశాను. ఇప్పుడు పాలకొల్లు దగ్గర మా ఊళ్లోనే ఉంటూ, స్కాన్ చేసి పంపిన స్లైడ్లని ఇంట్లో కూర్చుని చదువుతున్నాను. మా వైపు ఎలకంటే గట్లకి బొరియలు పెట్టేది, పొట్ట మీదున్న వరిని మొదలంటా కొరికేసేది. బుట్టలు పెట్టేవాళ్లని పిలిచి, ఎలకకింత అని లెక్కగట్టి డబ్బిచ్చి పట్టిస్తాం. నేను చెప్పబోయేది ఆ ఎలక గురించి కాదు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, పుట్టిన దగ్గర్నుంచి గూడు దాటి ఎరగని ల్యాబు ఎలక గురించి. మన చేలో చల్లే మందు దగ్గర్నుంచి రోజూ మింగే బీపీ మాత్ర దాకా, ఏది ఎంత వరకు ప్రమాదం కాదో చెప్పే లెక్కలో దాని బతుకు ఉంది.

ఒక రసాయనం ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే కేన్సర్ వస్తుందా రాదా అని తేల్చాలంటే, ఎలకకి దాని జీవితంలో ఎక్కువ భాగం ఆ రసాయనం ఇవ్వాలి. మామూలుగా ఎలకలకి 24 నెలలు, చిట్టెలకలకి 18 నుంచి 24 నెలలు. రసాయనాల పరీక్షలకి పద్ధతులు రాసే దేశాల కూటమి ఓఈసీడీ, వాళ్ల 451వ నంబరు మార్గదర్శకం ఒక్కో గుంపులో కనీసం 50 మగవి, 50 ఆడవి ఉండాలంటుంది. మందు ఇవ్వని కంట్రోల్ గుంపు ఒకటి, తక్కువ, మధ్య, ఎక్కువ మోతాదుల గుంపులు మూడు. మొత్తం 400. చివర్లో ఒక్కో ఎలక ఒంట్లోంచి నలభై దాకా అవయవాల ముక్కలు తీసి, మైనంలో దించి, పల్చగా కోసి, రంగు వేసి నా లాంటి వాళ్ల ముందు పెడతారు. మందు తిన్న గుంపులో కణుతులు కంట్రోల్ గుంపులో కంటే ఎక్కువున్నాయా లేవా, అదీ ప్రశ్న. అంటే ఆ పరీక్ష బరువంతా మోసేది మందు తిన్న ఎలక కాదు, మందు తినని కంట్రోల్ ఎలక. అది ఆరోగ్యంగా ముసలిదైతేనే మిగతా మూడు గుంపులకీ అర్థం ఉంటుంది.

మరి దశాబ్దాల తరబడి దాన్ని ఎలా పెంచారు? గూటి మీద జాలీ నిండా పెల్లెట్లు, అంటే గట్టిగా అదిమిన మేత ముక్కలు, పోసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత తినమని వదిలేశారు. ల్యాబు భాషలో దాన్ని ఎడ్‌లిబిటమ్ అంటారు. పని తక్కువ. అందరూ అలాగే చేస్తారు కాబట్టి ఒకరి ఫలితాన్ని ఇంకొకరి ఫలితం పక్కన పెట్టుకోవచ్చు. పైగా అదే సహజమైన స్థితి అనుకున్నారు. బయట ఎలక మెతుకు మెతుక్కీ పరిగెత్తాలి. గూట్లో దానికి పరుగు లేదు, శత్రువు లేదు, పొద్దుపోయే పని లేదు, పక్కనే తరగని తిండి. దాన్ని సహజం అనడానికి నాకైతే నోరు రాదు.

అలా పెరిగిన స్ప్రేగ్ డాలీ అనే ల్యాబు రకం మగ ఎలక రెండేళ్లకి ఏడెనిమిది వందల గ్రాములు తూగడం వింత కాదు. దాని మూత్రపిండాలు కోసే ముందే తెలిసిపోతాయి, పాలిపోయి, ఉబ్బి, పైనంతా గుంటలు గుంటలుగా ఉంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే నాళాలన్నీ సాగిపోయి లోపల గులాబీ రంగు ప్రోటీను గడ్డలు, వడపోత గుచ్ఛాలు మచ్చకట్టి ఉంటాయి. గుండె కండరంలో తెల్లటి చారలు. ఆడవాటికి మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో కణితి పెరిగి మెదడుని పైకి నొక్కేస్తుంది. రొమ్ము కణుతులు నడవలేనంత పెద్దవై, మిగతా రోజులు బాధపెట్టడం ఇష్టంలేక ముందే ప్రాణం తీయాల్సి వస్తుంది. ఇదంతా మందు చేసిన పని కాదు. నేను చెప్తున్నది కంట్రోల్ గుంపు గురించి.

1980ల చివరికి, 1990లలో ఇది బాగా ముదిరింది. ఎక్కువ పిల్లల్ని పెట్టేవాటిని, త్వరగా పెరిగేవాటిని ఏరి సంతతి పెంచుతూ రావడం వల్ల ఎలకలు తరానికి తరం లావెక్కాయి, ఆయుష్షు తగ్గింది. రెండేళ్లు పూర్తయ్యేసరికి సగం ఎలకలు కూడా మిగలని పరిస్థితి చాలా ల్యాబుల్లో వచ్చింది. చివరిదాకా బతికే ఎలకలు లేనప్పుడు, ఆలస్యంగా పుట్టే కణితి ఎవరిలో పుడుతుంది? ఎవరు చూస్తారు? మెర్క్ అనే మందుల సంస్థలో కెవిన్ కీనన్ బృందం ఈ విషయం మీద వరసగా పనిచేసి, లోపం ఎలక జాతిలోనే కాదు, మనం పెట్టే తిండి మోతాదులో ఉందని చూపించింది. స్వేచ్ఛగా తినే దాంట్లో ముప్పావు వంతుకి కాస్త అటూ ఇటూగా తూచి పెడితే అవే ఎలకలు ఎక్కువకాలం బతికాయి, మూత్రపిండాలు, గుండె చాలా మెరుగ్గా ఉన్నాయి. ఆ బృందం ఇంకో పని కూడా చేసింది. తూచడం మానేసి, ప్రోటీను తగ్గించి పీచు పెంచిన మేతని కడుపునిండా పెట్టి చూశారు. ఎలకలు ఇంకా ఎక్కువ తిని ఆ లోటు పూడ్చుకున్నాయి. ఆయుష్షు పెద్దగా మారలేదు. అసలు లెక్క కేలరీలదని నేను నమ్మడానికి ఇదొక ముఖ్య కారణం.

నిజానికి ఈ సంగతి అప్పటికే పాతది. కార్నెల్‌లో క్లైవ్ మెకే, విటమిన్లు ఖనిజాలు సరిగ్గా ఇస్తూ కేలరీలు మాత్రం తగ్గించిన ఎలకలు ఎక్కువకాలం బతికాయని 1935లోనే అచ్చువేశాడు. 1940లలో షికాగోలో ఆల్బర్ట్ టానెన్‌బామ్, తిండి తగ్గించిన చిట్టెలకల్లో కణుతులు తక్కువ వస్తాయని ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగాలు చేసి చూపించాడు. అంటే తిండికీ కణితికీ సంబంధం ఉందని తెలిసి కూడా, కణుతుల్ని లెక్కపెట్టే పరీక్షలోనే తిండిని లెక్కలోంచి వదిలేశాం. యాభై ఏళ్లు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ యాభై ఏళ్లలో చచ్చిపోయిన జంతువుల్లో ఎన్నింటి చావుకి సరైన సమాధానం దక్కలేదో మనకి తెలియదు.

ఇక్కడ అమ్మలు ఆగి అడిగింది: "అన్ని గుంపులూ ఒకేలా లావెక్కితే తేడా ఏముంది అత్తా? పోలిక పోలికే కదా."

ఒకేలా లావెక్కవు, అదీ చిక్కు. ఎక్కువ మోతాదు మందు చాలాసార్లు ఆకలి చంపేస్తుంది, లేదా మేతలో కలిపితే రుచి చెడి తినవు. ఆ గుంపు సన్నగా ఉంటుంది. కంట్రోల్ గుంపు మాత్రం లావెక్కిపోతుంది. సన్నగా ఉన్నందువల్లే పిట్యూటరీ కణుతులు, రొమ్ము కణుతులు తక్కువ వస్తాయి. రిపోర్టు పైపైన చదివినవాడికి మందు కణుతుల్ని తగ్గించినట్టు కనిపిస్తుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, మందు నిజంగా కొన్ని కణుతులు పెంచినా, సన్నబడటం వల్ల తగ్గినవి దాన్ని కప్పేయొచ్చు. రెండు ఎదురు లెక్కలు కలిసిపోయి సున్నా వస్తుంది, ఆ సున్నాని మనం క్షేమం అని చదువుకుంటాం. అన్ని గుంపులకీ ఒకే కొలత పెడితే ఈ గజిబిజి పూర్తిగా పోదు గానీ చాలావరకు విడిపోతుంది.

మా అన్నయ్యకి మాత్రం ఇది చెప్పగానే అర్థమైంది. మొగల్తూరు వైపు వాడికి వెనామీ రొయ్యల చెరువులున్నాయి. మేతలో కొంచెం చెక్ ట్రేలో పెట్టి నీళ్లలోకి దింపుతాడు, ఓ రెండు గంటలాగి పైకి లాగి చూస్తాడు. మిగిలితే తర్వాతి పూటకి తగ్గిస్తాడు. మిగిలిన మేత అడుక్కి చేరి కుళ్లి, అమ్మోనియా పెరిగి రొయ్య తేలిపోతుందని వాడి భయం. "వాటికి ఎంత కావాలో వాటికే తెలుసని వదిలేస్తే పంట చేతికి రాదు చెల్లాయ్" అన్నాడు. చెరువులో చెడేది నీళ్లు, ఎలక విషయంలో చెడేది దాని ఒళ్లే. అంతవరకే తేడా.

తూచి పెట్టడం వినడానికి తేలిక. చేసేవాళ్లకి తెలుస్తుంది. పెరిగిన మగ స్ప్రేగ్ డాలీ రోజుకి పాతిక గ్రాముల దాకా తింటుంది. ముప్పావు వంతంటే పద్దెనిమిదో పంతొమ్మిదో గ్రాములు. ఆడదానికి ఇంకా తక్కువ. ఒక్కో గూటికి విడిగా, రోజూ, పండగైనా ఆదివారమైనా తూకం వేయాలి. పెల్లెట్లు ఒకే సైజులో రావు, చివరి ముక్క విరగ్గొట్టి సరిపెట్టాలి. కొన్ని ఎలకలు తినేది తక్కువ, గీరి పొడిచేసి కింద రాల్చేది ఎక్కువ. ఆ పొడిని కూడా ఏరి తూచకపోతే తిన్న లెక్క తప్పుతుంది. మేత తగ్గించినంత మాత్రాన విటమిన్లు తగ్గకూడదు కాబట్టి మేత తయారీలోనే ఆ మేరకు చూసుకోవాలి. మందు మేతలో కలిపి ఇచ్చే పరీక్షైతే ఇంకో లెక్క: తినేది తగ్గింది కాబట్టి కలిపే పాళ్లు మార్చకపోతే ఒంట్లోకి వెళ్లే మందు తగ్గిపోతుంది. ఈ పని చేసే యానిమల్ హౌస్ కుర్రాళ్ల పేర్లు రిపోర్టు మొదటి పేజీలో ఉండవు. కానీ వాళ్ల చేతి తూకం మీదే రెండేళ్ల పని నిలబడుతుంది, ఇది నేను ఎక్కడైనా చెప్తాను.

వేళ కూడా ముఖ్యమే. ఎలక రాత్రి జీవి. స్వేచ్ఛగా వదిలితే తిండిలో ఎక్కువ భాగం చీకట్లోనే తింటుంది. మనుషుల డ్యూటీ పొద్దున కాబట్టి తూచిన మేత పొద్దున పెడితే, ఆకలి మీదున్న ఎలక కొద్ది గంటల్లో అంతా ఊడ్చేస్తుంది. దాంతో దాని ఒంటి వేడి, కాలేయం పనిచేసే వేళలు, అన్నీ తిండి చుట్టూ జరిగిపోతాయి. మందు గొట్టంతో నోట్లో పోసే పరీక్షైతే, ఖాళీ కడుపు మీద పోశారా నిండు కడుపు మీద పోశారా అన్నదాన్ని బట్టి రక్తంలోకి చేరే మోతాదు మారుతుంది. అందుకే మేత వేళా మందు వేళా ప్రోటోకాల్‌లో రాసి, రెండేళ్లూ ఒక్కలాగే పాటించాలి.

ఇప్పుడు అవతలి వైపు వాదన. దాన్ని తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు, ఎందుకంటే అందులో బలం ఉంది. తిండి తగ్గిస్తే కణుతులు తగ్గుతాయి అంటున్నాం కదా, మరి మందు తెచ్చిపెట్టే కణితిని కూడా ఆ ఆకలే ఆపేస్తే? ప్రమాదకరమైన మందు పరీక్షలో పాసైపోదా?

రసాయనాల విషప్రభావాల్ని పరీక్షించే అమెరికా ప్రభుత్వ విభాగం నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ సరిగ్గా ఈ ప్రశ్న మీదే నాలుగు రసాయనాలతో పనిచేసి, 1997లో 460వ నంబరు రిపోర్టుగా వేసింది. వాటిలో ఒకటి ప్లాస్టిక్‌ని మెత్తబరిచే బ్యూటైల్ బెంజైల్ థాలేట్. కడుపునిండా తిన్న మగ ఎలకల్లో అది క్లోమంలో కణుతులు పెంచింది. తిండి తగ్గించిన వాటిలో రెండేళ్లకి ఆ పెరుగుదల కనిపించలేదు. ఇంకొకటి మన కీళ్లవాతం రోగులకి తెలిసిన సల్ఫాసలజైన్. దాంతో వచ్చిన ఎలకల మూత్రాశయం కణుతులు, చిట్టెలకల కాలేయం కణుతులు కూడా తిండి తగ్గిస్తే కనబడలేదు. చూశావా అమ్మలూ, నువ్వడిగింది తేలిక ప్రశ్న కాదు. ఇవి చదివిన అధికారి ఎవరైనా, తూచి పెట్టే పద్ధతికి వెంటనే సరే అనడానికి జంకుతాడు. జంకాలి కూడా.

అదే రిపోర్టులో ఇంకో వరస ఉంది. తిండి తగ్గించిన ఎలకల్ని రెండేళ్ల దగ్గర ఆపకుండా 32 నెలల దాకా ఉంచారు. అప్పుడు అదే థాలేట్ వల్ల ఆడ ఎలకల మూత్రాశయంలో కణుతులు బయటపడ్డాయి. అవి కనిపించడానికి కారణం ఒంటి బరువు కాదు, పరీక్ష నడిచిన కాలమే అని వాళ్లే తేల్చారు. కడుపునిండా తిండి పెట్టి 32 నెలలు లాగడం ఎంత కష్టమో స్లైడ్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అంటే తూచి పెట్టడం ఒక చేత్తో కొన్నిటిని దాస్తుంది, ఇంకో చేత్తో ఎప్పుడూ చూడలేని ముసలితనాన్ని మనకి చూపిస్తుంది. నా ఓటు రెండోదానికి. తూచి పెట్టండి, మిగిలిన ప్రాణాల్ని వాడుకుని పరీక్షని ఇంకొంచెం పొడిగించండి. కొలత తగ్గించి, కాలం మాత్రం పాతదే ఉంచి, ఫలితం శుభ్రంగా ఉందని సంబరపడితే నేను ఒప్పుకోను.

"మనుషులు కూడా ఇప్పుడు అడ్డూ అదుపూ లేకుండానే తింటున్నారుగా, లావు ఎలకే మనకి సరైన పోలిక" అనేవాళ్లూ ఉన్నారు. తినడం నిజమే, మా ఊరి పెళ్లి భోజనాలు చూస్తే కాదనలేను. కానీ ముసలి ఎలకకి వచ్చే ఆ మూత్రపిండాల జబ్బు మనిషి జబ్బు కాదు. మనకి రాని జబ్బుతో అది ముందే చచ్చిపోతే, మనకి వచ్చే జబ్బు గురించి అది ఏం చెప్పగలదు?

తిండిని పట్టించుకోని పరీక్ష అంటే నాకు ఇంత పట్టింపు ఉండటానికి మన నేల కూడా కారణం. వందేళ్ల కిందట బెరిబెరి, అంటే బీ1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు, గట్టిగా కనిపించిన చోట్లలో మన ఉత్తర సర్కారు జిల్లాలున్నాయి. మరపట్టిన పచ్చిబియ్యం తినే జనం. నీలగిరుల్లోని కూనూరు పరిశోధన సంస్థలో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు 1920లలో బియ్యానికీ ఆ జబ్బుకీ సంబంధం వెతుకుతూ, ఇంకోపక్క దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్లు తినే తిండిని తెల్ల ఎలకలకి పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, కూరలు తిన్నవి బలంగా పెరిగాయి, మద్రాసు వైపు బియ్యం తిండి తిన్నవి వెనకబడ్డాయి. ఆ సంస్థే 1958లో హైదరాబాద్ వచ్చి ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ తరతరాలుగా పెంచుతున్న ఎలకల్లోనే 1996లో పుట్టుకతోనే విపరీతంగా తిని ఊబకాయం తెచ్చుకునే రకం బయటపడింది. వాటి ఆయుష్షు మామూలు వాటి కంటే తక్కువ. ఎలకకి ఏం పెట్టాం, ఎంత పెట్టాం అన్నదే మన దేశంలో ఎలకల శాస్త్రం మొదలుపెట్టిన ప్రశ్న. దాన్ని మందుల పరీక్షలో మూలన పెట్టడం నాకు సరిగా తోచదు.

ఇక ఆకలి సంగతి. అర్ధాకలి కాదు అమ్మలూ, పావు వంతు కోత. అలా పెరిగిన ఎలక బొచ్చు నిగనిగలాడుతూ ఉంటుంది, చేయి పెడితే చురుగ్గా వస్తుంది, ముసలితనంలో కూడా గూట్లో తిరుగుతుంది. లావు ఎలక మూల కూర్చుని ఉంటుంది, దాని పాదాలు బరువుకి పుళ్లు పడతాయి. రెండింటినీ చేతుల్లోకి తీసుకున్నదాన్ని కాబట్టి దేనికి ఎక్కువ కష్టమో చెప్పడానికి నేను తడబడను.

నాకు మనసుకి పట్టేది ఆకలి కాదు, ఒంటరితనం. తూచి పెట్టాలంటే గూటికి ఒక్క ఎలకే ఉండాలి. ఇద్దరుంటే బలమైనది రెండో దాని వాటా కూడా తినేస్తుంది, తూకానికి అర్థం ఉండదు. కానీ ఎలక గుంపులో బతికే జీవి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంది. సాంఘిక జంతువుల్ని తగిన కారణం లేకుండా విడిగా ఉంచొద్దని యూరప్ వాళ్ల 2010 నాటి చట్టం కూడా చెప్తోంది. కొరకడానికి చెక్క, గూడు కట్టుకోవడానికి కాగితం ఇస్తాం, అవి తోడు ఎలకకి సరిపోవు. కొందరు అందుకే తూకం మానేసి, ప్రోటీను తగ్గించిన మేతకి మారారు. టాక్సికాలజీ ప్రోగ్రామ్ వాళ్లు 1990లలో తెచ్చిన ఎన్‌టీపీ-2000 మేత అలాంటిదే, వాళ్లు వాడిన ఫిషర్ అనే ఇంకో రకం ఎలకల్లో మూత్రపిండాల జబ్బు తీవ్రత దాంతో తగ్గింది కూడా. స్ప్రేగ్ డాలీకి అది చాలదని నా నమ్మకం.

"తినే రెండు మూడు గంటలు విడిగా పెట్టి, మిగతా పొద్దంతా కలిపి ఉంచొచ్చు కదా" అంది అమ్మలు. ఉంచొచ్చు. 400 ఎలకల్ని రోజూ విడదీయాలి, మళ్లీ ఎవరి జతలో వాళ్లని కలపాలి, ఒక్క నంబరు తారుమారు కాకూడదు, రెండేళ్లు. మగవి కలిపినప్పుడల్లా కొట్టుకుంటాయేమో చూసుకోవాలి. ఇప్పుడున్న మనుషులు చాలరు, ఇంకో షిఫ్టు పెట్టాలి. ఒక కొత్త మందు మీద కంపెనీలు పెట్టే ఖర్చుతో చూస్తే ఆ జీతాలు ఎక్కువేం కావు. పెట్టమనే అంటాను నేను.